అందరికీ బిర్యానీయే ఇష్టమా?

విదేశాలకు వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్‌ అనే ఇంగ్లిష్‌ పరీక్ష రాసే తెలుగు పిల్లల్లో ఎవర్ని కదిపినా ఇష్టమైన వంటకం ఒక్కటే- హైదరాబాదీ దమ్‌ బిర్యానీ. ఇచ్ఛాపురం నుంచి వచ్చినా అదే, ఆదోని నుంచి వచ్చినా అదే. శాకాహారులైతే వెజ్‌ బిర్యానీ. ప్రశ్న పూర్తికాకముందే ‘మై ఫేవరెట్‌ ఫుడ్‌ ఈజ్‌ హైదరాబాదీ బిర్యానీ, ఇట్‌ ఈజ్‌ ఎ మౌత్‌వాటరింగ్‌ డెలికసీ’ అని ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేస్తారు. ఎందుకిష్టం అంటే ‘వెరీ టేస్టీ అండ్‌ స్పైసీ’. ఇంకాస్త చెప్పమంటే మళ్లీ టేస్టీయే. హైదరాబాద్‌ అమీర్‌పేట సందుల్లో దొరికే స్పైరల్‌ బైండింగ్‌ కోచింగ్‌ పుస్తకంలో అంతవరకే ఉంది మరి!

ఆ పిల్లలకు బిర్యానీ ఇష్టం లేదని కాదు. కాకపోతే అదే పిల్లల్ని పరీక్ష గది బయట తెలుగులో అడిగి చూడండి. ‘మా అమ్మమ్మ చేసే చింతచిగురు రొయ్యలు’ అంటాడు భీమవరం కుర్రాడు. ‘ఉగ్గాని, బజ్జీ. అదీ పొద్దున్నే, మా బస్టాండు పక్కన బండి మీదైతేనే’ అంటుంది అనంతపురం అమ్మాయి. ఏ బండి, ఎన్నింటికి వెళ్తే వేడిగా దొరుకుతుంది, బొరుగులు ఎంతసేపు నానాలి, బజ్జీలోకి ఏ మిరపకాయ... ఆపమన్నా ఆపదు. పరీక్షకు కావలసింది సరిగ్గా ఆ ధోరణే. ఇంగ్లిష్‌ అనేసరికి ఆ బండి, ఆ బొరుగులు, ఆ అమ్మమ్మ అందరూ మాయమైపోయి అచ్చేసిన బిర్యానీ ఒక్కటే మిగులుతోంది.

నవ్వుకుని వదిలేసే సంగతైతే ఇంత చెప్పుకోనక్కర్లేదు. పరీక్ష ఫీజే 17 వేల రూపాయలు దాటింది. వచ్చిన స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. ఈ పరీక్షతో బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే స్పీకింగ్‌లో, అంటే మాట్లాడే విభాగంలో, సాధారణంగా తొమ్మిదికి 7 బ్యాండ్లు రావాలి. ఆస్ట్రేలియాలో స్థిరపడాలనుకునేవాళ్లకు నాలుగు విభాగాల్లోనూ 7 చొప్పున వస్తే 10 పాయింట్లు, 8 చొప్పున వస్తే 20 పాయింట్లు వీసా లెక్కలో కలుస్తాయి. రాయడం, చదవడం, వినడం అన్నీ గట్టెక్కి, మాట్లాడటంలో ఆరున్నర దగ్గర ఆగిపోయి మళ్లీ ఫీజు కట్టేవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. వాళ్లకు ఇంగ్లిష్‌ రాదని అనలేం. చాలామందికి వచ్చు. వచ్చిన ఇంగ్లిష్‌ని పక్కనపెట్టి, రాని ఇంగ్లిష్‌ని బట్టీపట్టి వెళ్లడమే కొంప ముంచుతోంది.

గడియారం, పెన్సిలు, ఒక మనిషి

1989లో మొదలైన ఈ పరీక్షను బ్రిటిష్‌ కౌన్సిల్‌, ఐడీపీ, కేంబ్రిడ్జి కలిసి నడుపుతాయి. మన దేశంలో బ్రిటిష్‌ కౌన్సిల్‌ చూసే భాగాన్ని కూడా 2021లో ఐడీపీయే తీసుకుంది. స్పీకింగ్‌కి పట్టేది 11 నుంచి 14 నిమిషాలు. మాట్లాడేది మనిషితోనే. కొన్ని కేంద్రాల్లో ఆ మనిషి ఎదురుగా కాక వీడియో కాల్‌లో తెరమీద ఉంటారు. గుర్తింపు పత్రం చూసి, రికార్డర్‌ ఆన్‌ చేసి మొదలుపెడతారు.

మొదటి 4-5 నిమిషాలు ఊరు, చదువు, ఉద్యోగం, ఆపైన రోజువారీ కబుర్లు. ఇష్టమైన తిండి ఏది, వంట వచ్చా, చిన్నప్పుడు ఇష్టంలేక ఇప్పుడు తింటున్నవి ఏమైనా ఉన్నాయా లాంటివి వచ్చేది ఇక్కడే. రెండో భాగంలో ఒక కార్డు చేతికిస్తారు. ‘మీరు ఆనందంగా తిన్న ఒక భోజనం గురించి చెప్పండి’ అన్న తరహాలో ఉంటుంది. ఎక్కడ తిన్నారు, ఎవరితో, ఏమేం ఉన్నాయి, ఎందుకు గుర్తుండిపోయింది అని కింద చిన్న చిన్న ఆధారాలు. పెన్సిలు, కాగితం ఇచ్చి ఒక నిమిషం టైమిస్తారు. ఆ తర్వాత రెండు నిమిషాల వరకూ మాట్లాడాల్సింది మనమొక్కరమే. చివరి 4-5 నిమిషాలు అదే అంశం మీద చర్చ. జనం ఇంట్లో వండుకోవడం ఎందుకు తగ్గింది, పిల్లలకు బళ్లో వంట నేర్పాలా- ఇలా.

ఈ పావుగంటలోపు సంభాషణలో మనవాళ్లను బాగా కంగారుపెట్టేది ఎదుటి మనిషి తీరు. బాగా చెప్పామని తెలిసేలా ఏమీ అనరు. తప్పు చెప్పినా దిద్దరు. ‘మీకూ గోంగూర ఇష్టమా సర్‌?’ అంటే నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. రెండు నిమిషాలు నిండగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేస్తారు. జవాబు నచ్చలేదేమోనని బయటికొచ్చి కుమిలిపోయేవాళ్లు చాలామంది. అందులో గడియారం తప్ప మరేమీ లేదు. టైముకి ఆపకపోతే వాళ్ల పరీక్షే తప్పుతుంది.

ఇంతకీ తిండి గురించే ఎందుకడుగుతారు? అందరూ తింటారు కాబట్టి. ఇంజినీరింగ్‌ చదివినా, నర్సింగ్‌ చదివినా, డిగ్రీ మధ్యలో ఆపేసినా దీని గురించి చెప్పడానికి ఎంతో కొంత ఉంటుంది. రాజకీయాలో అంతరిక్షమో అడిగితే ‘విషయం తెలీదు, అందుకే మాట్లాడలేకపోయా’ అనొచ్చు. తిండి విషయంలో ఆ సాకు లేదు. విషయం అందరి దగ్గరా ఉన్నప్పుడు ఇక మిగిలేది భాషే. తేలికనిపించే ఈ ప్రశ్న వెనకున్న కిటుకు ఇదే.

దిద్దేటప్పుడు చూసేవి నాలుగు. తడుముకోకుండా, పొంతనగా మాట్లాడటం. పదాల వాడకం. వ్యాకరణం. ఉచ్చారణ. నాలుగింటికీ సమాన విలువ. తిన్నది ఎంత ఘనమైనదో చూసే గడి మార్కుల కాగితంలో లేదు. ఏ బ్యాండుకి ఏం కావాలో వివరించే పట్టికను నిర్వాహకులే అందరికీ అందుబాటులో పెట్టారు. కోచింగ్‌కి వెళ్లే ముందు అది ఒకసారి చదివితే సగం భ్రమలు పోతాయి. వ్యాకరణంలో 3వ బ్యాండు గురించి చెబుతూ, గుర్తుపెట్టుకున్న వాక్యాల మీద ఆధారపడటాన్ని ఆ స్థాయి లక్షణంగా రాశారు. అనుసంధాన పదాలు అతిగా వాడటం 5వ బ్యాండు దగ్గర కనిపిస్తుంది. మన పిల్లలు వాక్యానికొకటి చొప్పున తగిలించే ‘మోరోవర్‌’, ‘ఫర్దర్‌మోర్‌’ అక్కడికి వెళ్లి పడతాయి. 7వ బ్యాండు కోరేది, తెలియని పదాన్ని తెలిసిన మాటల్తో విప్పి చెప్పగలగడం. అన్నిటికంటే ఆసక్తికరమైంది 9వ బ్యాండు. అక్కడ కూడా మనిషి ఆగొచ్చు. పదం కోసమో వ్యాకరణం కోసమో వెతుక్కుంటూ కాకుండా, ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఆగితే తప్పులేదు. అమ్మమ్మ ఆ కూరలో చివర్న ఏం వేసేదో గుర్తు తెచ్చుకుంటూ ఆగినా ఫర్వాలేదన్నమాట. బట్టీపట్టినవాడు అలా ఆగలేడు. ఆగితే మొత్తం పోతుంది.

రెండు నిమిషాల సర్వపిండి

ఇదంతా గాలిలో మాటలుగా కాకుండా ఒక వంటకం తీసుకుని చూద్దాం. కరీంనగర్‌ అమ్మాయికి ‘మీ ఇంట్లో చేసే ఒక వంటకం గురించి చెప్పండి’ అన్న కార్డు వచ్చిందనుకుందాం. ఆమెకు సర్వపిండి అంటే ప్రాణం. కొన్నిచోట్ల గిన్నప్ప అనీ, తపాలచెక్క అనీ అంటారే, అదే. ఇంగ్లిష్‌లో దానికి పేరు లేదు. ఆ మాట తట్టగానే చాలామంది ‘వద్దులే, బిర్యానీ చెబుదాం’ అని వెనక్కి తగ్గుతారు. తగ్గకూడదు. పేరు లేకపోవడం ఇక్కడ మేలే. పేరు లేనప్పుడే కదా వివరించాలి. 7వ బ్యాండు అడుగుతున్నదీ అదేనాయె.

బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు, కరివేపాకు వేసి ముద్దగా కలుపుతారు. ఆ ముద్దను పెనం మీద కాదు, లోతైన గిన్నె లోపలి గోడల మీద చేత్తో పలుచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న సెగ మీద కాలనిస్తారు. చిల్లులు ఎందుకంటే నూనె లోపలికంటా దిగి, అంతా సమానంగా కరకరలాడేలా కాలడానికి. అసలు తమాషా రెండో రొట్టె దగ్గర. గిన్నె కాలుతూ ఉంటే దాంట్లో చెయ్యిపెట్టి పిండి ఒత్తలేం. చల్లారాలి. అందుకే అమ్మలు గిన్నె అడుగున నీళ్లు పోసి ‘సుయ్‌’మనిపించి మళ్లీ మొదలెడతారు. ఓపిక లేనివాళ్లు రెండు గిన్నెలు పెట్టుకుంటారు. మొదటి రొట్టె తిన్నవాడు రెండోదాని కోసం ఎదురుచూడక తప్పదు.

దీన్ని ఇంగ్లిష్‌లో చెప్పడానికి ఎన్ని కష్టమైన పదాలు కావాలి? పిండి, నువ్వులు, గిన్నె, ఒత్తడం, చిల్లు, మూత, చల్లారడం. అన్నీ ఎనిమిదో తరగతి లోపు పదాలే. నువ్వుల్ని ఇంగ్లిష్‌లో ఏమంటారో ఆ క్షణాన తట్టకపోతే, నూనె తీసే చిన్న తెల్లని గింజలని చెప్పినా చాలు. కానీ చెబుతున్నకొద్దీ వ్యాకరణం ఎంత వైవిధ్యంగా బయటికొస్తుందో గమనించండి. ఎలా చేస్తారో చెప్పాలంటే కర్మణి వాక్యాలు వాటంతటవే వస్తాయి. చిన్నప్పుడు అమ్మ ఎలా చేసేదో చెప్పాలంటే ‘యూజ్డ్‌ టు’ రాక తప్పదు. గిన్నె చల్లారకుండా ఒత్తితే ఏమవుతుందో చెబితే ‘ఇఫ్‌’ వాక్యం. హాస్టల్‌కి వెళ్లాక రెండేళ్లుగా తినలేదంటే ఇంకో కాలం. వ్యాకరణం పుస్తకంలో పదిరోజులు రుబ్బినా రానివి ఒక్క సర్వపిండితో వరసకట్టి వస్తాయి. అదే ‘మౌత్‌వాటరింగ్‌ డెలికసీ’ దగ్గర మొదలుపెడితే ఆ రెండు పదాలతోనే కథ కంచికి.

బిర్యానీకి నేను వ్యతిరేకిని కాను. మీ మేనమామ పెళ్లిలో డేక్షా దించేవేళ మీరు పక్కనే నిలబడి ఉంటే, ఆ మూత చుట్టూ పిండి అంటించింది చూసి ఉంటే, అడుగు మాడిందని వంటమనిషి తిట్లు తినడం విని ఉంటే బిర్యానీ గురించే చెప్పండి. మీది కానిది చెప్పొద్దనే నా గోలంతా.

సంకటి చెబితే చిన్నతనమా?

మాట పెగలకపోవడానికి భాష ఒక్కటే కారణం కాదు. మనం పైకి ఒప్పుకోని ఇంకో కారణం ఉంది- సిగ్గు. రాగి సంకటి, జొన్న గటక, అంబలి, ఎండుచేపల పులుసు, తలకాయ కూర, బోటి. ఇవి ఇష్టమని ఇంగ్లిష్‌లో, కోటు వేసుకున్న మనిషి ముందు చెప్పడానికి మనసొప్పదు. ఇంట్లో లొట్టలేసుకుంటూ తిన్నదే అక్కడ ‘చీప్‌’గా అనిపిస్తుంది. ఆ చిన్నతనం ఇంగ్లిష్‌ నేర్పింది కాదు. ఏ కులం ఏం తింటుందో, ఏ ఊరు ఏం తింటుందో లెక్కగట్టి మొహం చిట్లించడం మనకు మనమే నేర్పుకున్నాం. పరీక్ష గదిలోకి దాన్ని మోసుకెళ్తున్నాం, అంతే.

కొన్ని కోచింగ్‌ సెంటర్లలో దీనికి మందు వేయకపోగా ఉప్పు చల్లుతారు. ‘పాస్తా అని చెప్పు, ఇటాలియన్‌ అని చెప్పు, వాళ్లకు అర్థమవుతుంది’ అని సలహా. సరే, పాస్తా అన్నాడనుకోండి. ఎవరు వండుతారు, చివరిసారి ఎప్పుడు తిన్నారు అన్నది తర్వాతి ప్రశ్న. కుర్రాడి ఊళ్లో పాస్తా అమ్మే దుకాణమే ఉండదు. అక్కడి నుంచి అబద్ధానికి అబద్ధం అతికించాలి, అదీ ఇంగ్లిష్‌లో. ఇంగ్లిష్‌లో మాట్లాడటమే కష్టమనుకునేవాడికి ఇంగ్లిష్‌లో అబద్ధమాడటం ఇంకెంత కష్టం! పైగా గది బయటికొచ్చి చూస్తే అదే రాగి సంకటి, నాటుకోడి పులుసు హైదరాబాద్‌ హోటళ్లలో వందల రూపాయలకు అమ్ముతున్నారు. పరీక్షకు వెళ్లిన పిల్లాడే దాన్ని దాచిపెట్టుకోవాలా?

పరీక్ష చేసేవాళ్లు రోజుకు ఎందరి మాటలో వింటారు. వాళ్ల ముందు బోటి కూర అన్నా, బర్గర్‌ అన్నా ఒకటే. నిజానికి బోటి ఎలా శుభ్రం చేస్తారో, ఆదివారం పొద్దున్న మటన్‌ కొట్టు దగ్గర ఎంత ముందు నిలబడితే దొరుకుతుందో చెబితే, మాట ఆగకుండా సాగుతుంది. మార్కులు పడేది ఆ సాగడానికే.

మీల్స్‌ రెడీ

ఇక పదాల సంగతి. గోంగూరకి ఇంగ్లిష్‌ పేరు ఏమిటని తల బద్దలుకొట్టుకునే బదులు ‘గోంగూర’ అనే చెప్పి, పుల్లగా ఉండే ఆకు, పచ్చడి నూరుతాం, మటన్‌లో వేస్తాం అని ఒక వాక్యం జోడిస్తే సరిపోతుంది. ‘సారీ, నాకు ఇంగ్లిష్‌ పేరు తెలీదు’ అన్న క్షమాపణలు అక్కర్లేదు. ఇటలీవాళ్లు పిజ్జా పేరు ఎవరికోసమూ మార్చుకోలేదు.

కాస్త జాగ్రత్తపడాల్సింది మనం ఇంగ్లిషే అనుకుని రోజూ వాడే మాటల దగ్గర. ‘మీల్స్‌ రెడీ’ బోర్డు చూస్తూ పెరిగిన మనకు మీల్స్‌ అంటే ఆకు నిండా వడ్డించిన ఒక భోజనం. బయటివాళ్లకు అది ఒకటికి మించిన పూటల తిండి. ‘ఐ హ్యాడ్‌ మీల్స్‌’ అంటే రెండు పూటలదీ ఒకేసారి తిన్నాడేమో అనుకోవచ్చు. టిఫిన్‌, కర్డ్‌, బ్రింజాల్‌, లేడీస్‌ ఫింగర్‌ అన్నవీ ఇక్కడి ఇంగ్లిషే. తప్పులేం కావు. వినేవాళ్లకు అందేలా బ్రేక్‌ఫస్ట్‌, యోగర్ట్‌ అని పక్కనే మరో మాట కలిపితే, పదసంపద ఉందని చూపించినట్టు కూడా అవుతుంది.

ఉచ్చారణలో తెలుగు యాస వినిపించడం నేరం కాదు. అర్థమవుతోందా లేదా అన్నదే చూస్తారు. లేని అమెరికన్‌ యాస పెట్టుకుంటేనే ప్రమాదం, అది మూడో వాక్యానికి జారిపోతుంది. కాకపోతే తిండి మాటల్లో మనం అలవాటుగా తప్పు పలికేవి కొన్నున్నాయి. ‘వెజిటబుల్‌’లో మనం ఒక ‘టేబుల్‌’ వేస్తాం, నిజానికి అక్కడ బల్ల లేదు, ‘వెజ్‌టబుల్‌’ అంతే. సాల్మన్‌ చేపలో ‘ల్‌’ పలకదు. ‘ఎగ్‌’ ముందు ‘య’ చేర్చి ‘యెగ్గు’ అంటాం. చివర్న ‘రైసు’, ‘మిల్కు’ అని ఉకారం తగిలిస్తాం. వీటిని దిద్దుకోవడానికి వారం చాలు.

ముసలమ్మ జొన్న రొట్టె నుంచి

చివరి చర్చ, అంటే మూడో భాగం దగ్గర బాగా మాట్లాడేవాళ్లు కూడా తేలిపోతుంటారు. ‘మీ దేశంలో ఆహారపు అలవాట్లు ఎలా మారాయి?’ అంటే ‘నౌ అ డేస్‌ పీపుల్‌ ఆర్‌ ఈటింగ్‌ జంక్‌ ఫుడ్‌’ అని గూగుల్‌లో దొరికే ఉపన్యాసం మొదలవుతుంది. మన ఇళ్లలోనే ఇంతకంటే మంచి జవాబుంది. పల్నాడులోనో నల్గొండలోనో నానమ్మలు జొన్న రొట్టె, సంకటి తిని పెరిగారు. వరి అన్నం పండగ తిండి. 1967లో నాగార్జునసాగర్‌ కాలువలకు నీళ్లొచ్చాక పొలాల్లో వరి పెరిగింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక మెట్ట ఊళ్లలోనూ అన్నం రోజువారీ తిండైంది. ఇప్పుడు అదే నానమ్మ మనవడికి షుగరొచ్చి డాక్టర్‌ జొన్న రొట్టె తినమంటున్నాడు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ముసలమ్మ వదిలేసిన రొట్టె మూడో తరంలో మందుగా తిరిగొచ్చింది.

ఈ ఏళ్లన్నీ చెప్పమని కాదు, ఇది జనరల్‌ నాలెడ్జి పరీక్ష కాదు. అప్పుడు, ఆ తర్వాత, ఇప్పుడు, ఎందుకంటే- ఈ వరసలో ఇంటి సంగతి చెప్పగలిగితే అదే చర్చ. పొలం, కాలువ, రేషన్‌ కార్డు, షుగర్‌ మాత్ర. అన్నీ మనం చూసినవే.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఇదంతా ఐఈఎల్‌టీఎస్‌ సంగతి. పీటీఈ అనే మరో ఇంగ్లిష్‌ పరీక్షలో మాటకు మార్కులేసేది ప్రధానంగా యంత్రమే, అక్కడ ఇష్టమైన తిండి కబుర్లకు చోటు తక్కువ, పద్ధతి వేరు. డ్యులింగో పరీక్ష ఇంట్లో కూర్చుని కెమెరా ముందు రాసేది. మనిషి ఎదురుగా కూర్చుని ‘మీకేది ఇష్టం?’ అని అడిగే వైభోగం ఐఈఎల్‌టీఎస్‌లోనే ఎక్కువ. దాన్ని అచ్చు కాగితంతో వృథా చేసుకోవడం ఎందుకు?

మీ ఇంట్లో ఈ పరీక్షకు తయారవుతున్న అబ్బాయో అమ్మాయో ఉంటే ఈ ఆదివారం ఒక పని చేయండి. పుస్తకం మూయించి వంటింట్లోకి పిలవండి. మీరు వండుతుంటే పక్కన నిలబెట్టి, జరుగుతున్నదంతా ఇంగ్లిష్‌లో చెప్పమనండి. మీకు ఇంగ్లిష్‌ రాకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఆగారో మీకు తెలుస్తుంది. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వాళ్లకే వినిపించండి. రెండోసారి చెప్పేటప్పుడు ‘వెరీ టేస్టీ’ అన్న మాట వాడొద్దని ఒక్క షరతు పెట్టండి. కోచింగ్‌లో వేలు పోసినా దొరకని అభ్యాసం ఇది. ఖర్చు కూడా ఉండదు, ఎలాగూ వంట చేయాల్సిందే కదా!